బాలా హిస్సార్ (గోల్కొండ)

బాలా హిస్సార్ హైదరాబాదుకు పశ్చిమాన గల గోల్కొండ కోటలోని అంతర్దుర్గం. ఇది సుమారు 120 మీటర్ల ఎత్తైన గ్రానైటు కొండపై ఉన్నది. కొండ శిఖరాన ఉన్న దర్బారు మందిరాన్ని బారాదరి అంటారు. ముడిమ్యాల, చేవెళ్ళ, మొయినాబాదుల వైపు నుండి బీజాపూర్ రహదారిపై వచ్చేవారు లంగర్ హౌస్ వద్ద కోట వైపు మళ్ళవలెను.

చరిత్ర

కాకతీయుల కాలంలో ఇక్కడ మట్టికోట ఉండేదని ప్రతీతి. 1363లో ఇది బహమనీ సుల్తానుల వశమైంది. 1518 తరువాత కుతుబ్ షాహీలు దీనిని రాతికోటగా పటిష్ఠపరచి రాజధాని చేసుకున్నారు. కాలక్రమాన కోటలో జనం కిక్కిరిసి నీటికి కొరత ఏర్పడినందున, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన చార్మినార్ కేంద్రంగా హైదరాబాదు నగరాన్ని నిర్మించాడని చెబుతారు.

అయినను ఆపద వచ్చినపుడు రాజులకు ఈ కొండయే దిక్కయింది. అప్పటికి హైదరాబాదుకు ప్రాకారం లేదు. మొగలు సేనలు నగరంపైకి వచ్చినపుడు 1656లో అబ్దుల్లా కుతుబ్ షా, 1685లో అబుల్ హసన్ తానాషా నగరాన్ని విడిచి గోల్కొండలో తలదాచుకున్నారు. నగర ప్రజలకు మాత్రం అట్టి రక్షణ లేకపోయింది. రెండు పర్యాయాలూ నగరం దోపిడీకి గురైంది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరకు అబ్దుల్లా ఖాన్ పన్నీ ద్రోహంతో ద్వారం తెరుచుకున్నది. తానాషా దౌలతాబాదు కోటలో బందీగా మరణించాడు.

కొండపైకి దారి

అంతర్దుర్గపు ప్రవేశద్వారం వద్ద గుమ్మటం క్రింద చప్పట్లు కొడితే శిఖరాన వినబడుతుంది. దీనిని వింతగా చూపుతారు గాని, శత్రువుల రాకను పైనున్నవారికి తెలుపుటకు పనికివచ్చిన ఏర్పాటు ఇది. అక్కడి నుండి సుమారు 380 మెట్లు ఎక్కవలెను. దారిలో భక్త రామదాసును (కంచర్ల గోపన్న) బంధించినట్లు చెప్పే చెరసాల, ఇబ్రహీం మసీదు, పైన జగదాంబిక ఆలయం ఉన్నాయి. ఆషాఢమాసపు బోనాలు ఏటా ఈ ఆలయంలోనే మొదలవుతాయి. నీటిని మోటచక్రాలతో అంచెలంచెలుగా తొట్లలోకి తోడి, మట్టిగొట్టాల ద్వారా పైకి అందించేవారు. ఆ గొట్టాలు గోడలలో నేటికీ కనిపిస్తాయి.

శిఖరం నుండి దృశ్యం

బారాదరి పైకప్పు నుండి ఉత్తరాన, దగ్గరలోనే, కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నపుడు తూర్పున చార్మినార్ మినారులను కూడా గుర్తించవచ్చును. పశ్చిమాన గచ్చిబౌలి వైపు బహుళ అంతస్తుల భవనాలున్నాయి. ఒకప్పుడు కోటను విడిచి తూర్పుకు సాగిన నగరం ఇప్పుడు కోట చుట్టూ విస్తరించింది. బాహ్య ప్రాకారం లోపల కూడా జనావాసాలున్నాయి. మధ్యాహ్నపు ఎండలో రాతిమెట్లు కాలుతాయి కనుక ఉదయం గాని సాయంత్రం గాని ఎక్కుట మేలు.