నలభై మాటల ఉత్తరం

జర్మన్ నేర్చుకునే మన పిల్లలకు దగ్గర దారి ఒకటుంది. అది వాళ్లింట్లోనే ఉంది.

సంపాదకులు అడిగింది జర్మనీ చదువుల మీద కథనం. వారం గడువు ఇచ్చారు. వీసా, బ్యాంకు ఖాతా, ఫీజులు, ఉద్యోగాలు అన్నీ రావాలన్నారు. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల దగ్గర మొదలుపెట్టి, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరేసరికి నా పుస్తకం నిండా అంకెలే. నాలుగో రోజు రాత్రి ప్రొద్దుటూరులో మా అక్క ఇంట్లో అన్నం తిని కూర్చుంటే, మేనకోడలు మిద్దె మీది నుంచి ఒక కాగితం పట్టుకుని దిగింది. ఆ కాగితం చూశాక అంకెల్లో చాలావాటిని పక్కన పెట్టేశాను.

ఆ అమ్మాయి హైదరాబాద్‌లో జర్మన్ బీఏ రెండో ఏడు చదువుతోంది. సెలవులకొచ్చింది. చేతిలో ఉన్నది గోథే సంస్థ జర్మన్ పరీక్ష, బీ1 స్థాయి నమూనా పత్రం. రాత విభాగానికి గంట సమయం, మూడు ప్రశ్నలు. మొదటిది స్నేహితుడికి 80 మాటల మెయిల్. రెండోది ఒక విషయం మీద 80 మాటల్లో సొంత అభిప్రాయం. మూడోది అన్నిటికంటే చిన్నది. మీ టీచరు మిమ్మల్ని మాట్లాడడానికి రమ్మన్నారు, మీరు రాలేరు, మర్యాదగా మన్నించమని అడిగి కారణం చెప్పండి. సుమారు 40 మాటలు.

ఆ చిన్న ప్రశ్నకే మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసింది.

ఆమె రాసిన కారణం ఇది: 'వైల్ ఇష్ ముస్ మోర్గన్ నాఖ్ కడపా ఫారెన్'. రేపు కడపకు పోవాలి కాబట్టి రాలేనని చెప్పడం. మాటలన్నీ సరైనవే, వరుస తప్పింది. 'వైల్' అంటే ఎందుకంటే. జర్మన్‌లో ఆ మాట వచ్చిందంటే క్రియ వాక్యం చివరికి పోయి కూర్చోవాలి. సూత్రం ఆమెకు నోటికి వచ్చు. రాసేటప్పుడు మాత్రం మనసులో ఇంగ్లిషు వాక్యం ముందు నడుస్తుంది. ఆ ఇంగ్లిషులో 'మస్ట్' నడిమధ్యన ఉంటుంది, జర్మన్ 'ముస్' కూడా దాని వెంటే నడిమధ్యకు వచ్చేస్తుంది.

"అదే మాట అవ్వకు చెప్పాలంటే ఎట్ల చెప్తావ్?" అని అడిగాను.

"ఎందుకంటే నేను రేపు కడపకు పోవాల" అంది.

ఆ వాక్యం కింద సరైన జర్మన్ వాక్యం రాశాం. వైల్, ఇష్, మోర్గన్, నాఖ్ కడపా, ఫారెన్, ముస్. ఎందుకంటే, నేను, రేపు, కడపకు, పో, వాల. ఒక్క మాటను కూడా ముందుకో వెనక్కో జరపాల్సిన పని లేకపోయింది. 'ఫారెన్' పోవడం, 'ముస్' తప్పనిసరి. మన 'పోవాల'లో ఆ రెండూ అదే వరుసలో అతుక్కుని ఉన్నాయి. అమ్మాయి కాసేపు కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది. "ఇన్నాళ్లూ నాకీ మాట ఎవరూ చెప్పలేదు మామా" అంది.

ఈ కథనంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. బీ1 దగ్గర చిక్కుకున్న మన పిల్లలకు తెలివీ కష్టమూ తక్కువై కాదు, తెలుగును తలుపు బయట వదిలేసి రావడం వల్లే నడక భారమవుతోందని నా గట్టి నమ్మకం.

నాకు చలి, నాకు నచ్చింది

ఆ రాత్రి ఇంకా తవ్వాం. చలేస్తోందని ఇంగ్లిషు దారిలో చెప్పబోతే 'ఇష్ బిన్ కాల్ట్' అని వస్తుంది. జర్మన్ వినేవాళ్లకు అది ఆప్యాయత లేని మనిషినని చెప్పుకున్నట్టుంటుంది. సరైనది 'మియర్ ఇస్ట్ కాల్ట్'. 'మియర్' అంటే నాకు. నాకు చలిగా ఉంది. నచ్చిందని చెప్పాలన్నా అక్కడ 'నాకు' అనే రావాలి. మనకు చలీ ఇష్టమూ నొప్పీ అన్నీ 'కు' విభక్తితోనే వస్తాయి. బడిలో 'కిన్, కున్' అని వల్లె వేసిన పిల్లలకు 'డేటివ్' అనే పేరు చూసి భయపడాల్సిన పనేముంది?

'ఇన్ డెయర్ ష్టాట్' అంటే ఊర్లో. 'ఇన్ డీ ష్టాట్' అంటే ఊర్లోకి. ఉన్నచోటికి ఒక విభక్తి, పోయేచోటికి మరొకటి. దీనికి పుస్తకంలో పేజీలకు పేజీల వివరణ ఉంటుంది. ఊర్లో ఉన్నాడు, ఊర్లోకి పోయినాడు అన్న తేడా మన ఇంట్లో మూడేళ్ల బిడ్డకు తెలుసు.

అమ్మాయిని జర్మన్‌లో 'డాస్ మేట్‌షెన్' అంటారు, నపుంసక లింగం. ఇది చూసి విస్తుపోయేవాళ్లు చాలామంది. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అని ఒకే క్రియతో చెప్పేవాళ్లం మనం. మహత్తు, అమహత్తు అని మన వ్యాకరణం ఏనాడో చెప్పుకుంది.

జర్మన్ 'జెడ్' అక్షరం పలకడానికి పిల్లలు కుస్తీ పట్టడం కూడా చూశాను. అది మన 'చలి'లోని చకారం, 'చాలు'లోని చకారం, దంత్య చకారం. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర తన నిఘంటువులో ఈ చకారాన్ని 'చిన్న'లోని చకారం నుంచి వేరు చేసి చూపించాడు. మనం బడిలో ఆ తేడా చెప్పడం మానేశాం.

మర్యాద దగ్గర మాత్రం మన సీమ పిల్లలు జాగ్రత్తగా ఉండాలి. మేనకోడలు టీచరుకు రాస్తూ 'డియర్' అని రాసింది, అంటే నీకు. అక్కడ 'ఈనెన్' రావాలి, అంటే మీకు. జర్మన్‌లో 'డు' నువ్వు, 'జీ' మీరు. మన వైపు 'అన్నా, ఎప్పుడొస్తివి?' అంటే అమర్యాద కాదు. గౌరవమంతా 'అన్నా'లో ఉంది. ఆ వరస మాట జర్మన్‌లో లేదు, గౌరవం సర్వనామంలోనే చూపించాలి. దేవుణ్ణి మాత్రం వాళ్లూ 'డు' అనే పిలుస్తారు, జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరస్వామిని మనం నువ్వని మొక్కుకున్నట్టే.

తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. మామూలు వాక్యంలో జర్మన్ క్రియ రెండో స్థానంలో ఉండాలి, అది మనకు కొత్త. నామవాచకానికి ముందొచ్చే డెయర్, డీ, డాస్ విభక్తికొకలా మారుతుంటే, వాటి వెనక విశేషణాల తోకలూ మారతాయి. అక్కడ బట్టీ తప్పదు. ఆ బట్టీకి ఓపిక మిగలాలంటే, తెలిసినవాటి మీద కాలం వృథా కాకూడదు.

చరిత్ర, క్లుప్తంగా

బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చి, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగిపోయి జర్మనీలోని హాలేలో 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెప్పుకుంటాం. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ పుట్టింది కూడా జర్మనీలోనే. బ్రౌన్ 1820లో కడపలో అడుగుపెట్టాడు. పుట్టపర్తి నారాయణాచార్యులు ఎన్నో భాషలు చదివి ప్రొద్దుటూరులో పాఠాలు చెప్పారు. భాష పక్కన భాష పెట్టి చదవడం ఈ నేలకు కొత్త కాదు.

షుల్జ్ తన వాళ్ల కోసం రాసిన పుస్తకానికి ఎదురు పుస్తకం ఒకటి కావాలి. తెలుగు పిల్లలకు తెలుగులో జర్మన్ వ్యాకరణం. కడపలో బ్రౌన్ పేరిట యోగి వేమన విశ్వవిద్యాలయపు భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఈ పనికి అంతకంటే తగిన చోటు నాకు తట్టడం లేదు. 200 పేజీల పుస్తకం చాలు.

బాక్స్: అడిగిన లెక్కలు

భాషా స్థాయులు ఆరు: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. గోథే సంస్థ అంచనాలో బీ1 చేరడానికి 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 దాకా కావాలి. బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు భాగాలు. ఒక్కోదానికి 100 పాయింట్లు, 60 వస్తే పాస్. ఒక భాగం తప్పితే దాన్నొక్కదాన్నే మళ్లీ రాయొచ్చు. గోథే పరీక్షకు ఇక్కడివాళ్లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఒకచోటికి పోతారు. ఇంగ్లిషులో బోధించే ఎంఎస్‌లకు చాలాచోట్ల జర్మన్ అడగరు. జర్మన్‌లో బోధించే కోర్సులకు టెస్ట్‌డాఫ్ లేదా డీఎస్‌హెచ్ వంటి పరీక్ష కావాలి. విద్యార్థి వీసాకు మన చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. ఖర్చుల సొమ్ము ముందే వేసి ఉంచే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపాలన్నది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి దేశాలవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. శీతాకాల సెమిస్టర్ దరఖాస్తులకు సాధారణంగా జులై 15 ఆఖరు. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో అక్కడ చదివిన భారతీయులు 49 వేల పైచిలుకు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే ఎక్కువ.

నాలుగోసారి

పదకొండు దాటాక మేనకోడలు ఉత్తరం మళ్లీ రాసింది. ఈసారి ఒక్కో వాక్యాన్ని ముందు మన మాటల్లో పైకి చెప్పుకుంది, తర్వాతే పెన్ను ఆనించింది. పైన టీచరు పేరుకు ముందు గౌరవ సంబోధన, లోపల 'ఈనెన్', చివర స్నేహపూర్వక నమస్కారాలు. కడపకు పోవాలన్న వాక్యంలో 'ముస్' ఎక్కడుండాలో అక్కడే, చిట్టచివర. మాటలు లెక్కపెడితే 43 అయ్యాయి. మూడు తీసెయ్యాలా అని అడిగింది. ప్రశ్నలో 'సుమారు' అని ఉంది చూడు అన్నాను. అయితే ఉంచుతానని, కాగితం తిప్పి మొదటి ప్రశ్న తీసింది. అది స్నేహితుడికి. అక్కడ 'డు' రాసుకోవచ్చు.