సూపర్‌ఛార్జరు ఉన్న కారుకు స్పార్క్ ప్లగ్ గ్యాపు



ఈ సంచికకు నా వృత్తికి సంబంధించిన విషయం ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరారు. నేను మన ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనంతో ఆటోమొబైల్ డిప్లొమా చదివి, ఇప్పుడు కోయంబత్తూరులో చిన్న కార్ల వర్క్‌షాపు నడుపుకుంటున్నవాణ్ణి. అర మిల్లీమీటరు కూడా లేని తేడా వల్ల నేను చేసిన ఒక పొరపాటు గురించి వ్రాస్తాను.

పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ కొన దగ్గర రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఒకటి మధ్యలో నిటారుగా ఉంటుంది. రెండవది దానిమీదికి కొక్కెంలా వంగి ఉంటుంది. ఈ రెంటి మధ్య సందునే గ్యాపు అంటాము. ఇగ్నిషన్ కాయిల్ నుండి వేల వోల్టులు వచ్చి ఆ సందును దూకినప్పుడు నిప్పురవ్వ పుట్టి, గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం అంటుకుంటుంది. మామూలు కార్లలో గ్యాపు చాలావరకు 0.8 నుండి 1.1 మి.మీ. దాకా ఉంటుంది. మా చిన్నతనంలో స్కూటరు మెకానిక్కులు హాక్సా బ్లేడు దూర్చి చూసి, సరిపోయిందనేవారు. ఆ బ్లేడు మందం సుమారు 0.6 మి.మీ. నవ్వకండి, ఆ లెక్క మళ్ళీ వస్తుంది.

2006లో నేను ఒక వర్క్‌షాపులో కొత్తగా చేరాను. ఒక డాక్టరు గారి కారు సర్వీసుకు వచ్చింది. బయటి దేశం నుండి తెప్పించుకున్నది, సూపర్‌ఛార్జరు ఉన్నది. నాలుగు ప్లగ్గులూ మార్చమన్నారు. కొత్త ప్లగ్గులు పెట్టెలోంచి తీసి బిగించాను. ఇంజను నున్నగా తిరిగింది. నా పని నాకే ముచ్చటేసింది.

రెండు రోజుల తరువాత డాక్టరు గారు కుటుంబంతో ఊటీకి బయలుదేరారు. బర్లియార్ దాటాక ఘాట్ రోడ్డులో ఒక లారీని దాటబోయి యాక్సిలరేటరు గట్టిగా తొక్కారట. కారు దగ్గినట్టు కుదుపులు కుదిపి, లాగడం మానేసింది. ఎదురుగా బస్సు. బ్రేకు వేసి మళ్ళీ లారీ వెనక్కి వచ్చేసరికి వెనుక సీటులో పిల్లలు ఏడుస్తున్నారు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన కోప్పడలేదు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

వర్క్‌షాపులో స్టార్ట్ చేసి చూస్తే లోపమేమీ కనబడలేదు. అవినాశి రోడ్డులో నెమ్మదిగా నడిపి చూశాను, బాగానే ఉంది. పెట్రోలులో కల్తీ అయి ఉంటుందన్నాను. మా ఫోర్‌మన్ నావంక చూసి, "గ్యాపు ఎంత పెట్టావు తమ్ముడూ?" అని అడిగారు.

"పెట్టెలో వచ్చినట్టే వేశానన్నా, కొత్తవే కదా."

ఆయన ఒక ప్లగ్ విప్పి గేజి పెట్టారు. 1.1 మి.మీ. ఆ ప్లగ్ నంబరు చివర -11 అని ఉంది. ఎన్.జి.కె. కంపెనీ నంబర్లలో దాని అర్థం 1.1 మి.మీ. గ్యాపు అనే. నేను చదవలేదు.

ఇక కారణం చూద్దాం. 1889లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పాషెన్ ఒక సంగతి కనిపెట్టారు. వాయువులో విద్యుత్తు ఒక సందును దూకడానికి కావలసిన వోల్టేజి, ఆ వాయువు పీడనాన్ని సందు దూరంతో గుణిస్తే వచ్చే లబ్ధం మీద ఆధారపడుతుంది. ఇంజనులో ఉండే పీడనాల దగ్గర లబ్ధం పెరిగేకొద్దీ వోల్టేజి కూడా పెరుగుతుంది. మామూలు గాలిలో 1 మి.మీ. దూకడానికి నాలుగు వేల వోల్టుల పైచిలుకు చాలు. సిలిండరులో పిస్టను మిశ్రమాన్ని నొక్కిన తరువాత అంతకు ఎన్నో రెట్లు కావాలి.

సూపర్‌ఛార్జరు అంటే క్రాంక్‌షాఫ్టు నుండి బెల్టుతో తిరిగే గాలి పంపు. మెర్సిడెస్ కార్ల వెనుక 'కొంప్రెసర్' అన్న పేరు చూసే ఉంటారు, సూపర్‌ఛార్జరుకు అది జర్మన్ మాట. బయటి గాలి పీడనం సుమారు 1 బార్ అయితే, ఇది ఇంకో 0.5 బార్ కలిపి ఇంజనులోకి తోస్తుందనుకోండి. లోపల పీడనం ఒకటిన్నర రెట్లు అయింది. లబ్ధం మారకుండా ఉండాలంటే గ్యాపు ఒకటిన్నర రెట్లు తగ్గాలి. 1.1ని 1.5తో భాగిస్తే సుమారు 0.73. ఇది కాగితం మీది లెక్క. కంప్రెషన్ రేషియో, కాయిల్ శక్తి ఇంజనుకూ ఇంజనుకూ మారతాయి కనుక మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే పాటించాలి. అయినా ఇలాంటి ఇంజన్లకు 0.6 నుండి 0.8 వరకే ఎక్కువగా ఎందుకు కనబడుతుందో దీనితో తెలుస్తుంది. మన హాక్సా బ్లేడు ఇక్కడ దాదాపు సరిపోయేదే!

నెమ్మదిగా నడిపినప్పుడు లోపం ఎందుకు బయటపడలేదు? అప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, సిలిండరులోకి వెళ్ళే గాలే తక్కువ. 1.1 అయినా కాయిల్ దూకించగలదు. పూర్తిగా తొక్కినప్పుడే కాయిల్ శక్తి చాలక రవ్వ పుట్టదు. అంటే బలం బాగా అవసరమైన క్షణంలోనే ఇంజను చేయిస్తుంది. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ మండితే క్యాటలిటిక్ కన్వర్టరు కూడా పాడవుతుంది.

అలాగని గ్యాపు మరీ తగ్గించరాదు. రవ్వ చిన్నదైపోయి, దాని వేడిని ఎలక్ట్రోడ్లే పీల్చేస్తాయి. అప్పుడు ఐడ్లింగులో ఇంజను వణుకుతుంది.

పని నేర్చుకునే పిల్లలకు కొన్ని మాటలు. కొత్త ప్లగ్ అయినా కొలవకుండా వేయకండి. సరిచేసేటప్పుడు పైన వంగిన ఎలక్ట్రోడునే కదపాలి, మధ్యదాన్ని ముట్టరాదు. ఇరీడియం ప్లగ్గులలో మధ్య కొన 0.6 మి.మీ. లేక అంతకన్నా సన్నం, దానిమీద పనిముట్టు ఆనించి ఎత్తితే విరిగిపోతుంది. వాటికి తీగ గేజి వాడండి. ఇంజను చల్లారాకే ప్లగ్గులు విప్పండి, మొదటి చుట్లు చేతితోనే తిప్పండి. ఇంకొక చిక్కు ఉంది. సూపర్‌ఛార్జరు ఇంజనుకు తరచు 'చల్లని' రకం ప్లగ్ కావాలి. ఎన్.జి.కె.లో అంకె పెరిగితే చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. ఈ తేడా తెలియక తప్పు ప్లగ్ వేసినవాళ్ళను చాలామందిని చూశాను.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి.డి.నాయుడు గారి ఊరిలో ఉంటూ కూడా, చేతికి గ్రీజు అంటితే చదువు అంటలేదనుకునేవారు మనలో ఉన్నారు. పాషెన్ సూత్రం నేను కాలేజీలో పరీక్షకు వ్రాసినదే. ప్లగ్ చేతిలో పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు, అంతే.

ఆ రోజు ఫోర్‌మన్ మాన్యువల్ తెరిపించి, నాలుగు ప్లగ్గుల గ్యాపూ నాచేతనే సరిచేయించారు. ఆదివారం డాక్టరు గారితో పాటు నన్నూ ఘాట్ రోడ్డుకు పంపారు. బర్లియార్ దాటాక ఒక లారీ అడ్డం వచ్చింది. దారి ఖాళీగా ఉండడం చూసి ఆయన గట్టిగా తొక్కారు. కారు తడబడకుండా దాటింది.

ప్లగ్ గేజి పట్టి చూడాలనుకునే విద్యార్థులు ట్రస్టు కార్యాలయంలో అడిగితే మా వర్క్‌షాపు చిరునామా చెబుతారు. ఆదివారం తప్ప ఏ రోజైనా రావచ్చు.