మహిమ, ప్రభువు, కుమారుడు: క్రీస్తు దైవత్వంపై అపోహలు – వాస్తవాలు

యేసుక్రీస్తు దైవత్వాన్ని గురించి తెలుగు సమాజంలో వినిపించే అపోహలలో కొన్ని చరిత్ర తెలియకపోవడం వల్ల పుట్టినవి కాగా, అంతకంటే ఎక్కువ మాటల వల్ల పుట్టినవి. హీబ్రూలోనో గ్రీకులోనో ఒక అర్థంలో పలికిన పదానికి తెలుగులో ఏదో ఒక మాటను ఎంచుకోక తప్పదు. ఆ మాటకు ఇక్కడ అప్పటికే స్థిరపడిన అర్థం మరొకటి ఉంటే, చదువరి తెలియకుండానే దాని వెంట నడిచిపోతాడు. క్రైస్తవ విశ్వాసాన్ని అంగీకరించడమా మానడమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయమే అయినా, ఆ విశ్వాసం నిజానికి ఏమి చెబుతున్నదో, ఎప్పటినుంచి చెబుతున్నదో సరిగ్గా తెలుసుకోవడం నమ్మేవారికీ నమ్మనివారికీ సమానంగా అవసరం.

అపోహ: యేసును దేవుడిగా నిర్ణయించినది క్రీ.శ. 325 నాటి నైసియా మహాసభ

2003లో వెలువడిన ‘ద డావిన్చి కోడ్’ నవల ఈ అభిప్రాయాన్ని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. అంతవరకు మానవ ప్రవక్తగా మాత్రమే భావించిన యేసును రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ రాజకీయ ప్రయోజనం కోసం బిషప్పుల చేత ఓటు వేయించి దేవుణ్ణి చేశాడన్నది దాని సారాంశం. నైసియా సభ జరిగి 2025 నాటికి 1700 సంవత్సరాలు నిండిన సందర్భంలో కూడా ఇదే కథ తిరిగి వినబడింది.

నేటి టర్కీలోని ఇజ్నిక్ పట్టణమే ఆనాటి నైసియా. అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్న యేసు దేవుడా మనిషా అన్నది కాదు. అలెగ్జాండ్రియా సంఘంలో పెద్దగా ఉన్న అరియస్ కూడా క్రీస్తును ఆరాధించినవాడే, సృష్టికి పూర్వమే ఉన్నవాడని ఒప్పుకున్నవాడే. అయితే ఆ కుమారుడు తండ్రి చేత సృజింపబడినవాడనీ, ఆయన ఉనికికి ఒక ఆరంభం ఉన్నదనీ బోధించాడు. అతని బిషప్పు అలెగ్జాండర్, ఆ తరువాత అదే పీఠమెక్కిన అతనాసియస్ దీన్ని తిరస్కరించి, కుమారుడు అనాదిగా తండ్రితో ఉన్నవాడని వాదించారు. సభ చివరకు ‘హోమోఊసియోస్’ అనే గ్రీకు పదాన్ని స్వీకరించింది. తండ్రి ఏ తత్త్వమో కుమారుడూ అదే తత్త్వమని దాని భావం. హాజరైన బిషప్పుల సంఖ్యను సంప్రదాయం 318గా చెబుతుంది, ఆధునిక చరిత్రకారులు కొంత తక్కువగా అంచనా వేస్తారు. ఆ అందరిలోనూ విశ్వాస ప్రమాణాన్ని చివరివరకు నిరాకరించి అరియస్‌తో పాటు బహిష్కరణకు గురైనవారు లిబియాకు చెందిన తియోనస్, సెకుండస్ అనే ఇద్దరు బిషప్పులు మాత్రమే. కొద్దిపాటి ఓట్ల తేడాతో దైవత్వం గట్టెక్కిందన్న చిత్రానికి ఇక్కడ ఆధారమే లేదు.

చక్రవర్తి బలంతో ఈ సిద్ధాంతం నిలిచిందనడం కూడా పొసగదు. కాన్‌స్టంటైన్ తన చివరి సంవత్సరాలలో అరియస్ పక్షానికి దగ్గరయ్యాడు. 337లో మరణశయ్యపై అతనికి బాప్తిస్మమిచ్చిన నికొమేదియా బిషప్పు యూసేబియస్ ఆ పక్షంలో ముఖ్యుడు. కాన్‌స్టంటైన్ కుమారుడైన కాన్‌స్టాంటియస్ అదే పక్షాన్ని బాహాటంగా పోషించాడు. నైసియా ప్రమాణానికి కట్టుబడిన అతనాసియస్ అయిదుసార్లు తన పీఠం నుంచి వెళ్లగొట్టబడ్డాడు, వాటిలో మొదటిది కాన్‌స్టంటైన్ ఆజ్ఞతోనే జరిగింది. సింహాసనం ఎదురు నిలిచినా నిలదొక్కుకున్న సిద్ధాంతాన్ని సింహాసనం సృష్టించిందనడం చరిత్రను తలకిందులు చేయడమే.

అసలు ఆధారాలు నైసియాకు ఎంతో ముందువి. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ–పొంతు రాష్ట్రాన్ని పాలించిన రోమన్ అధికారి చిన్న ప్లినీ, క్రైస్తవులను విచారించి చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖలో, వారు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవుడిగా భావించి కీర్తన పాడుకొంటున్నారని నివేదించాడు. నైసియా నగరం ఆ రాష్ట్రంలోనిదే కావడం గమనించదగినది: సభ జరగడానికి రెండు శతాబ్దాల ముందే, అదే నేలను పాలించిన అన్యమతస్థుడి సాక్ష్యం ఇది. ఇంచుమించు అదే కాలంలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ తన లేఖలలో యేసును దేవుడని పదేపదే సంబోధించాడు. ఇజ్రాయెల్‌లోని మెగిద్దో కారాగార ఆవరణలో 2005లో బయటపడిన, సాధారణంగా మూడో శతాబ్దానికి చెందినదిగా భావించే ప్రార్థనామందిరపు నేలమీది శాసనం, అకెప్తూస్ అనే స్త్రీ దేవుడైన యేసుక్రీస్తుకు ఒక బల్లను సమర్పించినట్లు చెబుతుంది.

అపోహ: ‘ప్రభువు’ అంటే గౌరవవాచకమే తప్ప దైవనామం కాదు

ఈ అపోహ తెలుగు చదువరికి కలగడంలో వింత లేదు; అందుకు తెలుగు అనువాదంలోనే ఒక కారణం ఉంది. యూదులు దేవుని నామాన్ని పవిత్రమైనదిగా ఎంచి నోట పలకకుండా, గ్రంథం చదివేటప్పుడు దాని స్థానంలో ‘ప్రభువు’ అనే అర్థమిచ్చే ‘అదొనాయ్’ అనేవారు. గ్రీకు పాత నిబంధనను చదివిన తొలి క్రైస్తవులకు అదే ‘కిరియోస్’గా పరిచయం. కాగా వాడుకలో ఉన్న తెలుగు బైబిలు పాత నిబంధనలో ‘యెహోవా’ అని, కొత్త నిబంధనలో ‘ప్రభువు’ అని రాస్తుంది. దీనితో గ్రీకు పాఠకుడి చెవికి ఒకే మాటగా మోగినది తెలుగు పాఠకుడికి రెండు వేర్వేరు మాటలుగా విడిపోయింది.

యెహోవా నామాన్ని పిలిచి ప్రార్థించేవారు రక్షణ పొందుతారని యోవేలు ప్రవక్త చెప్పిన వాక్యాన్ని పౌలు రోమీయులకు రాసిన పత్రికలో (10:13) ఉదహరించినప్పుడు, ముందు వచనాల సందర్భాన్ని బట్టి అక్కడి ప్రభువు యేసే. ఫిలిప్పీయుల పత్రిక రెండో అధ్యాయంలో ప్రతి మోకాలూ యేసు నామమున వంగుతుందనీ ప్రతి నాలుకా ఒప్పుకొంటుందనీ చెప్పిన మాటలు యెషయా 45వ అధ్యాయం నుంచి తీసుకున్నవి. అక్కడ అవి తనకు సాటి మరెవరూ లేరని ప్రకటించుకొనే యెహోవా తన గురించి చెప్పుకున్న మాటలు. యెషయా గ్రంథమంతటిలోనూ ఏకేశ్వర వాదం ఇంతకంటే పదునుగా పలికే చోట్లు అరుదు, పౌలు వెళ్లి అక్కడే చేయి పెట్టాడు. ఫిలిప్పీయుల పత్రిక యేసు సిలువ మరణానికి సుమారు ముప్ఫై సంవత్సరాలలోపే రాసినది. ఈ భాగం అంతకు ముందే సంఘాలలో వాడుకలో ఉన్న స్తుతిగీతమని చాలామంది పండితుల అభిప్రాయం. ఇంకా వెనక్కి వెళితే, మొదటి కొరింథీయుల పత్రిక చివర గ్రీకు వాక్యాల నడుమ అనువదించకుండా నిలిచిపోయిన ‘మారానాథా’ అనే అరమాయిక ప్రార్థన కనిపిస్తుంది. ప్రభువును రమ్మని వేడుకొనే ఆ మాట అరమాయికంలోనే మిగిలిందంటే, యేసు మాతృభాష మాట్లాడిన తొలి పాలస్తీనా విశ్వాసులే ఆయనకు ప్రార్థన చేసేవారన్నమాట. గ్రీకు దేశాలకు వెళ్లాక అక్కడి దేవతల కథల ప్రభావంతో యేసుకు దైవత్వం అంటుకొన్నదనే వాదానికి ఈ ఒక్క మాట పెద్ద అడ్డంకి.

అపోహ: ‘దేవుని కుమారుడు’ అంటే భౌతికంగా పుట్టిన సంతానం

ప్రధాన క్రైస్తవ శాఖలేవీ ఇటువంటి అర్థాన్ని బోధించలేదు, బోధించవు. సెమిటిక్ భాషలలో ‘కుమారుడు’ అనే మాట వంశాన్నే కాక స్వభావాన్ని, సంబంధాన్ని తెలుపుతుంది. యాకోబు, యోహాను అనే సోదరులకు యేసు పెట్టిన ‘బోయనేర్గెసు’ అనే పేరుకు ఉరుము కుమారులని అర్థం చెప్పినప్పుడు ఎవరూ వంశవృక్షం వెదకరు. యోహాను సువార్త అయిదో అధ్యాయంలో దేవుణ్ణి తన సొంత తండ్రి అని యేసు అన్నప్పుడు, విన్నవారు దాన్ని జన్మ సంబంధంగా కాక దేవునితో సమానత్వాన్ని చెప్పుకోవడంగా గ్రహించి ఆగ్రహించారు. తెలుగు బైబిలులో ‘అద్వితీయ’ అని వచ్చే విశేషణానికి మూలమైన ‘మోనోగెనేస్’ అనే గ్రీకు పదాన్ని హెబ్రీ పత్రిక ఇస్సాకుకు కూడా వాడింది. అబ్రాహాముకు అప్పటికే ఇష్మాయేలు ఉన్నాడు కనుక, ఒక్కగానొక్క బిడ్డ అనే లెక్క అక్కడ కుదరదు, సాటిలేనివాడు అనే అర్థమే కుదురుతుంది. ఈ చోట తెలుగు అనువాదకులు ఎంచుకొన్న ‘అద్వితీయ’ మెచ్చదగిన మాట.

అపోహ: ‘ఆదిసంభూతుడు’ అన్నారు కనుక క్రీస్తు మొదట సృజింపబడినవాడు

కొలొస్సయుల పత్రికలో (1:15) సర్వసృష్టికి క్రీస్తు ఆదిసంభూతుడని ఉంది. ‘సంభూత’ అంటే పుట్టిన అని అర్థం కనుక, తెలుగు చెవికి ఇది సృష్టిలో మొదటి వ్యక్తి అన్నట్లు వినిపిస్తుంది. అరియస్ నాటి నుంచి నేటి యెహోవా సాక్షుల వరకు ఈ వచనాన్ని ఆ విధంగానే చదివినవారు ఉన్నారు. మూలంలోని ‘ప్రోతోతోకోస్’ ప్రథమ సంతానం అనే అర్థంతో పాటు, జ్యేష్ఠుడికి ఇంటిమీద ఉండే హక్కునూ అధికారాన్నీ కూడా తెలుపుతుంది. ఎనభై తొమ్మిదో కీర్తనలో దేవుడు దావీదును జ్యేష్ఠునిగా చేస్తానంటాడు, ఆ దావీదు యెష్షయి కుమారులలో అందరికంటే చిన్నవాడు. యిర్మీయా గ్రంథంలో జ్యేష్ఠుడని పిలిపించుకొన్న ఎఫ్రాయిముకు మనష్షే అన్న. కొలొస్సయుల పత్రికలోని తరువాతి వచనమే సమస్తం ఆయన ద్వారా, ఆయన కోసం సృజింపబడిందని కారణం చెబుతున్నది కనుక, ఆయనను ఆ సమస్తంలో ఒకడిగా లెక్కించడం వాక్యం నడకకే విరుద్ధం.

అపోహ: తండ్రి తనకంటే గొప్పవాడని యేసే ఒప్పుకున్నాడు కనుక ఆయన దేవుడు కాడు

యోహాను సువార్తలోని (14:28) ఈ మాటను క్రైస్తవ పండితులు దాచిపెట్టలేదు, దానితో తలపడ్డారు. నాలుగో శతాబ్దపు నజియాంజస్ గ్రెగొరీ, గొప్పతనం మూలాన్ని బట్టీ సమానత్వం స్వభావాన్ని బట్టీ చెప్పినవని వివరించాడు: కుమారుడికి తండ్రి మూలం, అయినా స్వభావంలో భేదం లేదు. మనిషిగా తాను దేవునికంటే తక్కువవాడినని యేసు చెప్పాడనుకుంటే అది నిజమే కానీ చెప్పనక్కరలేని విషయమని గ్రెగొరీ అభిప్రాయం. అగస్టీను మాత్రం దాసుని రూపం ధరించినందువల్ల పలికిన మాటగానే దాన్ని ప్రధానంగా వ్యాఖ్యానించాడు. ఇద్దరిలో గ్రెగొరీ వివరణే సువార్త భాషకు దగ్గరగా ఉంది, ఎందుకంటే అదే సువార్త ఆరంభ వాక్యంలోనే వాక్యమనబడే క్రీస్తును దేవుడని ప్రకటించింది. చివరకు తోమా నోట యేసును ప్రభువని, దేవుడని పిలిపించింది.

అపోహ: యేసు సగం దేవుడు, సగం మనిషి; దేవుడు ధరించి విడిచిన ఒక వేషం

సగం–సగం లెక్కను సంఘం ఎన్నడూ ఒప్పుకోలేదు. 451లో జరిగిన కల్కెదోను మహాసభ క్రీస్తును సంపూర్ణ దేవుడనీ సంపూర్ణ మానవుడనీ, ఆ రెండు స్వభావాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా, మారకుండా, విడిపోకుండా, వేరుపడకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయనీ నిర్వచించింది. ఇక వేషం అనే మాటకు వస్తే, సంఘం ఎదుర్కొన్న తొలి తప్పుడు బోధలలో ఒకటి యేసు దేవుడు కాడన్నది కాదు, ఆయన నిజమైన మనిషి కాడన్నది. దేవుడు రక్తమాంసాలు ధరించడం తగదని తలచి, శరీరం ఉన్నట్లు కనబడినదే తప్ప నిజం కాదని చెప్పిన ఈ బోధకు ‘దొసేతిజం’ అని పేరు. ఇటువంటివారిని ఉద్దేశించే మొదటి యోహాను పత్రిక, క్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవడాన్ని విశ్వాసానికి గీటురాయిగా నిలిపింది.

తెలుగు క్రైస్తవులు వాడే ‘నరావతారం’ అనే మాటను బట్టి యుగయుగానా జరిగే అవతారాలతో దీన్ని పోల్చడం సహజం. ‘జీసస్ ది అవతార్’ అనే గ్రంథం రాసిన మద్రాసు వేదాంతి వెంగల్ చక్కరై ఈ మాటను తిరస్కరించకుండానే భేదాన్ని చూపాడు: క్రైస్తవ విశ్వాసంలో ఈ అవతరణ ఒక్కసారే జరిగింది, పని ముగిశాక మానవత్వం విడిచిపెట్టబడలేదు. పునరుత్థానుడైన క్రీస్తు నేటికీ, ఎల్లప్పటికీ మనిషే.

అపోహ: క్రీస్తు మహిమ అంటే ఆయన చేసిన అద్భుతాలు

‘మహిమలు’ అని బహువచనంలో అంటే తెలుగులో మహత్యాలు, చమత్కారాలు. ఈ వాడుక వల్ల యేసు దైవత్వం జబ్బులు నయం చేయడం మీద, నీళ్లమీద నడవడం మీద ఆధారపడి ఉందని ఇరుపక్షాలూ అనుకొంటాయి. ఏలీయా, ఎలీషా మృతులను లేపినట్లు బైబిలే చెబుతుంది, వారిని ఎవరూ దేవుళ్లనలేదు. యోహాను ఈ పనులను ‘సూచక క్రియలు’ అన్నాడు. వేలు చూపే దిక్కును చూడాలి గాని వేలినే చూస్తూ ఉండిపోకూడదు.

మహిమకు హీబ్రూ మాట ‘కావోద్’. దాని ధాతువుకు బరువు అని అర్థం. ‘గురు’ అనే బరువును తెలిపే శబ్దం నుంచి ‘గౌరవం’ పుట్టినట్లే, అక్కడా బరువు నుంచి ఘనత పుట్టింది. వెలుగు, తేజస్సు తరువాత చేరిన అర్థాలు. ఆ బరువు ఎక్కడ తెలుస్తుందన్నదానికి యోహాను ఇచ్చిన సమాధానం ఆశ్చర్యకరమైనది: మనుష్యకుమారుడు మహిమ పొందవలసిన గడియ వచ్చిందని పన్నెండో అధ్యాయంలో యేసు చెప్పినది తన మరణాన్ని గురించి. రోమన్లు అత్యంత అవమానకరంగా ఎంచిన శిక్షను ఆ సువార్త హెచ్చింపబడడం అని పిలిచింది. సిలువపై మహిమ కోల్పోయి మూడో రోజున తిరిగి పొందాడని అనుకొనే విశ్వాసులు కూడా ఈ విషయంలో పొరబడుతున్నట్లే. ప్రకటన గ్రంథం అయిదో అధ్యాయంలో పరలోక సింహాసనం చెంత యూదా గోత్రపు సింహం ఉందని పెద్దలలో ఒకడు చెప్పగా, యోహాను చూసేసరికి అక్కడ నిలిచి ఉన్నది వధింపబడినట్లున్న ఒక గొర్రెపిల్ల; కోట్లాది దూతలూ సమస్త సృష్టీ ఘనతనూ మహిమనూ సమర్పించినది సింహాసనాసీనుడితో పాటు ఆ గొర్రెపిల్లకే.