నర్సమ్మ గడప తొక్కినప్పుడు

ఆసుపత్రి నుండి ఇంటికి పంపగానే జబ్బుతో పని తీరిపోయిందని మనలో చాలామంది తలుస్తారు. కొన్ని జబ్బులకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. క్షయ అటువంటిది. మందు మానకుండా చూడడానికి, నయమయిన తరువాత తిరగబెట్టిందేమో కనుక్కోవడానికి నర్సో, హెల్త్ విజిటరో ఇల్లు వెతుక్కుంటూ రావలసి ఉంటుంది. ఆమె తప్పక రావాలి. ఆమె ఎందుకు వచ్చిందో పొరుగువారికి తెలియకూడదు. ఈ రెండూ పొసగించడమే ఆ ఉద్యోగంలోని కష్టం.

మద్రాసు చూపిన దారి

పూర్వం క్షయ అంటే నెలల తరబడి శానిటోరియంలో మంచం పట్టి ఉండడమే. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రిసెర్చి కౌన్సిలు కలిసి మద్రాసులో ఒక చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాయి. కొందరు రోగులను శానిటోరియంలోను, కొందరిని వారి ఇళ్లలోను ఉంచి, ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చి చూశారు. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారికి కూడా దాదాపు సమానంగానే గుణమిచ్చింది. ఇంటిల్లిపాదికీ జబ్బు అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. 1959లో ఈ ఫలితాలు అచ్చయిన మీదట ఇంటివద్ద చికిత్సకు దేశదేశాలలో దారి ఏర్పడింది.

అయితే ఇంట్లో ఉన్న రోగి మందు మింగుతున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? అందుకని చెప్పకుండా ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టడం, మూత్రం పరీక్షించడం పెట్టుకున్నారు. వైద్యానికి అది అవసరమే. కాని గోడకు గోడ ఆనుకొని ఉన్న వాడలో ఆ రాకపోకలు ఎవరి కంట పడకుండా ఉంటాయి?

గుట్టు ఎందుకు?

జబ్బు తప్పు కాదు గదా, దాచడమెందుకని కొందరు అడుగుతారు. పిల్ల పెండ్లి, అద్దె ఇల్లు, చేస్తున్న కొలువు – వీటి మాట వచ్చినప్పుడు తెలుస్తుంది ఎందుకో! తరతరాలుగా పరభాషా ప్రాంతంలో స్థిరపడిన మన కుటుంబాలకు ఈ భయం మరీ ఎక్కువ. ఊళ్లో తెలుగిళ్లు కొన్ని. వియ్యాలూ చాలావరకు ఆ ఇళ్లలోనే. భయపడిన రోగి తప్పు విలాసం ఇస్తాడు, లేదా మందు మధ్యలో మానివేస్తాడు. అలా మానినవారికి మందులకు లొంగని క్షయ పట్టే ప్రమాదం ఉంది. కాబట్టి నోరు జారడం వట్టి మర్యాదలోపం కాదు, ప్రాణం మీదికి తెచ్చే పని.

నేడు మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. అది ముగిసినా రెండేళ్లపాటు ఆరేసి నెలలకు ఒకసారి కనుక్కోవాలని ప్రభుత్వ కార్యక్రమ నియమం. 2012 నుండి ప్రతి క్షయరోగి సంగతి వైద్యులు ప్రభుత్వానికి తెలుపవలసి ఉన్నది. అది అధికారులకు తెలపడమే గాని వీధికి చాటడం కాదు. హెచ్.ఐ.వి. రోగులకు, మానసిక రోగులకు గోప్యత హక్కని 2017లో వచ్చిన రెండు చట్టాలు చెప్పుచున్నవి.

నర్సు పాటించేది, మనం పాటించవలసినది

మంచి నర్సు ఎక్కడ, ఎప్పుడు కలవాలో రోగినే ముందు అడిగి వ్రాసుకుంటుంది. ఫోను మరొకరు తీస్తే జబ్బు మాట, ఆసుపత్రి మాట ఎత్తదు. చీటీ గుమ్మంలో వదలదు. బజారులో ఎదురుపడితే రోగి పలకరించేవరకు తానుగా పలకరించదు. తన విధి తీరిపోయాక, ‘పాపం, ఎలా ఉన్నారో’ అని రిజిస్టరు తిరగవేయదు. అభిమానం వేరు, అధికారం వేరు. మేము ఫైళ్ల నడుమ బ్రతికేవారము. ఫైలు చేతికి అందినంత మాత్రాన చదివే హక్కు రాదని మాకు తెలుసు.

ఇక మన వంతు. ఎదురింటికి నర్సు వస్తే కిటికీ దగ్గర నిలబడవద్దు. మన ఇంటి పిల్లే నర్సు అయితే, ‘ఏమ్మా, ఫలానా బాబాయిగారికి ఏమిటట?’ అని అడిగి ఆమెను ఇరకాటంలో పెట్టవద్దు. చెప్పనన్నదని అలగవద్దు. ఈనాడు వారి గుట్టు కాచినదే రేపు మన గుట్టూ కాస్తుంది. ఎండలో వచ్చిన ఆమెకు ఒక చెంబుడు మజ్జిగ ఇచ్చి పంపుదాం. అడగవలసినది ఆమె క్షేమమే.