మన బొంత, సిద్దీల కవంది, బ్రెజిల్ బంగారు గడ్డి

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడుగా విడిపోయింది. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. కుండల్‌వాడిలోని మన తెలుగు ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి, మధ్యలోకి సరిహద్దు వచ్చింది. బడి, ఆఫీసు మరాఠీవి అయ్యాయి. తెలుగు ఇంట్లో మిగిలింది. అలా మిగిలిన మాటల్లో ‘బొంత’ ఒకటి.

మరాఠీలో దీన్ని గోధడి అంటారు, కన్నడంలో కౌది అంటారు. పని దాదాపు ఒకటే. మెత్తబడిన పాత నూలు చీరెలు, ధోతులు పొరలుగా పరిచి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తారు. మగ్గం పనిని వృత్తి అన్నాం, బొంత కుట్టడాన్ని మాత్రం ఆడవాళ్ల ఇంటి పని అని వదిలేశాం.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. వారి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. ఆ మహిళలు కుట్టే బొంత పేరు కవంది. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. మూలల్లో మడతపెట్టిన గుడ్డ ముక్కలు కుడతారు. వాటిని పువ్వులంటారు. అవి లేకపోతే కవంది పూర్తికానట్టే. ఇప్పుడు ఈ కవందిలు విదేశీ ప్రదర్శనల్లోనూ కనిపిస్తున్నాయి.

బ్రెజిల్‌లో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆఫ్రికన్లు, వారి వారసులు స్థిరపడ్డ పల్లెలను కిలొంబోలు అంటారు. టొకాంటిన్స్ రాష్ట్రంలోని ముంబూకా అలాంటి ఊరు. అక్కడి మహిళలు బంగారు రంగు గడ్డిని చుట్టలుగా చుట్టి, బురితి అనే తాటిజాతి చెట్టు నారతో కుట్టి బుట్టలు చేస్తారు. గడ్డి విత్తనం పండకముందే కోస్తే మళ్లీ మొలవదు కనుక సెప్టెంబర్ 20కి ముందు కోయకూడదన్న నియమం ఉంది. కిలొంబో వారసుల భూమి హక్కును 1988 రాజ్యాంగం గుర్తించింది. భూమి పోతే గడ్డి లేదు, గడ్డి పోతే ఆ పనీ లేదు.

మన బొంతకు కావలసింది పాత నూలు చీరె, కుట్టడం తెలిసిన చెయ్యి. చీరెలు పాలిస్టర్‌వి అయ్యాయి, బజారులో రగ్గులు చవకగా దొరుకుతున్నాయి. నేర్పే అమ్మమ్మలు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల దగ్గర పిల్లలు ఒక్క చిన్న బొంతైనా కుట్టడం నేర్చుకోవాలి. కుట్టు, మడత, అంచు, వేటిని ఏమంటారో తెలుగులో రాసి పెట్టుకోవాలి. అమ్మే ఆలోచన తర్వాత చేయవచ్చు, ముందు ఆ పని ఇంట్లో నిలవాలి.