శిలాజము - పదము, పదార్థము

తెలుగు కార్మిక కుటుంబములు నివసించు భిలాయి క్యాంప్ 1కు ఉత్తరమున నందిని సున్నపురాతి గనులు కలవు. భిలాయిలో తొలి బ్లాస్టు ఫర్నేసు 1959లో ప్రారంభమయ్యెను. ఖనిజమలినములను చిట్టెముగా వేరుచేయుటకు సున్నపురాయి కావలెను.

నేడు సముద్రమునకు దూరమైన ఈ రాయి, సుమారు 100 కోట్ల ఏండ్లనాడు లోతులేని సముద్రమున పేరుకొన్నది. ఇందు గుల్లలు లేవు. గుమ్మటములవంటి పొరలు, అనగా స్ట్రొమటోలైట్లు, కలవు. సూక్ష్మజీవుల జిగురుపొరలు సున్నపురేణువులను పట్టి నిలుపగా ఇవి ఏర్పడినవి.

'శిలాజము' అనగా శిలనుండి పుట్టినది; లాటిన్ మూలమున 'ఫాసిల్' అనగా త్రవ్వి తీసినది. ఇచటనో జీవమే శిలను కట్టినది. కనుక పారిభాషిక పదమునకు వ్యుత్పత్తి చాలదు, నిర్వచనము కావలెను. కొలిమిలో కరిగిన సాక్ష్యము మరల లభింపదు. త్రవ్వువానికి తెలియు పేరే దానికి తొలి రక్షణము.