కరువుకు పాతర, వరదకు మూట

మెట్ట పల్లెల్లో కరువుకాలానికి జొన్నలు దాచుకునే చోటు పాతర. గట్టినేల చూసి గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మెత్తేవారు. మూసిన గోతిలో ప్రాణవాయువు తగ్గి పురుగు చస్తుంది. మనిషికీ అదే గతి. అందుకే మూత తీశాక చాలాసేపు గాలి ఆడనిచ్చి గానీ దిగేవారు కాదు. 1832–33 గుంటూరు కరువులో పాతరలూ గట్టెక్కించలేదు. పంటే లేకపోతే నింపేదేముంది?

అదే గుంటూరు ప్రాంతంలోని అచ్చంపేట మండలంలో కృష్ణ ఒడ్డు ఊళ్లకు వరద భయం వేరు. ఎగువన పులిచింతల ప్రాజెక్టు గేటు ఒకటి 2021 ఆగస్టు 5న కొట్టుకుపోయింది. ఇక్కడ బియ్యం బస్తా కన్నా మూడు రోజుల మంచినీళ్లు ముఖ్యం: మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. పొయ్యి అక్కర్లేని అటుకులు, మరమరాలు, బెల్లం, టార్చి, వాడే మాత్రలు అటక మీద ఉండాలి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవరులో చుట్టి, చేతికందేచోట.